తేనెటీగలకు పూత, పొయ్యికి కట్టె: గట్టు మీద గిరిపుష్పం పెంచడం ఎలా?

తేనె పెట్టెలు పెట్టుకున్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "ఈగలకు పూత ఇవ్వాలి, పొయ్యిలోకి కట్టె రావాలి, నీళ్లు పెద్దగా అడక్కూడదు, రెండు మూడేళ్లలో చేతికి రావాలి. ఏ చెట్టు వేయమంటారు?" మెట్ట పొలాలకు, ఎర్ర చెలకలకు నా జవాబు గిరిపుష్పం. నర్సరీలో గ్లైరిసిడియా అని అడిగితే ఇస్తారు.

ఇది చెప్పిన రెండేళ్లకు మరో ప్రశ్న వస్తుంది. "వేశాం, ఏపుగా పెరిగింది, కానీ పూత రాలేదు." ఈ వ్యాసం రాస్తున్నది ముఖ్యంగా ఆ రెండో ప్రశ్న కోసమే. గిరిపుష్పాన్ని బతికించడం పెద్ద పని కాదు. ఎప్పుడు నరకకూడదో తెలియకే చాలామంది పూత పోగొట్టుకుంటున్నారు. పచ్చిరొట్ట (పొలంలో వేసే పచ్చి ఆకు ఎరువు) కోసం ఏడాదిలో రెండు మూడుసార్లు కొమ్మలు కొట్టే చెట్టు ఆకు వేస్తూనే ఉంటుంది, పూత మీదికి రాదు. కాబట్టి ఆకు చెట్లు వేరు, పూత చెట్లు వేరు అని నాటిన రోజే విడదీసుకోవాలి. మిగతావి ఎలా చేసినా సర్దుకోవచ్చు. ఇది మాత్రం తప్పకూడదు.

ఈ చెట్టే ఎందుకు?

క్లుప్తంగా చెబుతాను. దీని సొంత గడ్డ మెక్సికో, మధ్య అమెరికా. అక్కడ కోకో తోటల్లో నీడకు, పొలాల చుట్టూ కంచెకు దీన్ని వాడతారు. ఇది చిక్కుడు కుటుంబం చెట్టు. వేరు బుడిపెల ద్వారా గాలిలోని నత్రజనిని పట్టుకుంటుంది. అందుకే పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్, హైదరాబాద్‌లోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ గట్ల మీద దీన్ని పెంచమని మెట్ట రైతులకు చాలాకాలంగా చెబుతున్నాయి. కట్టె గట్టిది, నిదానంగా కాలుతుంది. బాగా ఎండితే పొగ తక్కువ, నిప్పురవ్వలు చిట్లవు. కిలో కట్టెకు దాదాపు 4,900 కిలో కేలరీల వేడి వస్తుంది.

సుబాబుల్ వేయొచ్చు కదా అంటారు. వేయొచ్చు, కానీ దాని గింజలు రాలి పొలమంతా మొలుస్తాయి, పీకలేక విసుగొస్తుంది. జామాయిల్ పూత ఈగలకు మంచిదే. కాకపోతే ఒక ఎకరం రైతు పైరు పక్కన దాన్ని పెట్టుకోలేడు. సర్కారు తుమ్మ కట్టెకూ తేనెకూ రెండింటికీ పనికొస్తుంది, కానీ ఆ ముళ్లు, అది పాకే తీరు తెలిసినవాళ్లెవరూ కావాలని నాటరు.

కావాల్సినవి

- విత్తనం లేదా ముదురు కొమ్మ ముక్కలు
- 5 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల ఎత్తు ఉన్న పాలిథిన్ సంచులు (విత్తనంతో పెంచితే)
- ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు
- గడ్డపార, పార
- పదునైన కత్తి, చేతి రంపం
- కొంచెం వేపపిండి (చెదలున్న నేలయితే)
- రెండు రంగుల పెయింట్, చిన్న డబ్బాలు. ఇది ఎందుకో 6వ మెట్టులో తెలుస్తుంది.

1. చోటు చూసుకోండి

ఎర్ర నేల, గరప నేల, నల్లరేగడి ఏదైనా ఫర్వాలేదు. నీరు నిలిచే చోటు మాత్రం వద్దు. వానాకాలంలో వారం రోజులు కాళ్లు మునిగే పల్లంలో నాటితే వేళ్లు కుళ్లుతాయి. రేగడిలో నాటాలంటే గట్టు మీదే నాటండి, గట్టు పక్క కాలువలో వద్దు.

కరెంటు తీగల కింద, బోరు మోటారు షెడ్డుకు ఆనుకుని నాటొద్దు. ఉమ్మడి గట్టయితే పక్క పొలం వాళ్లతో ముందే మాట్లాడుకోండి. మన ఊళ్లలో గట్టు తగాదాలు ఎలా మొదలవుతాయో అందరికీ తెలుసు. మీ ఉత్తరం గట్టు మీది చెట్ల నీడ చలికాలంలో అవతలి వాళ్ల పైరు మీద పడుతుంది. "పూత అయ్యాక కొట్టేస్తాం, ఆకు మీరూ తీసుకోండి" అని ముందే చెబితే గొడవ ఉండదు.

ఎన్ని మొక్కలు కావాలో లెక్క ఇలా వేసుకోండి. చదరంగా ఉన్న ఎకరానికి నాలుగు వైపులా కలిపి గట్టు దాదాపు 830 అడుగులు ఉంటుంది. రెండు వైపులు పూత, కట్టె చెట్లకు ఇచ్చి 6 అడుగులకు ఒకటి చొప్పున నాటితే 70 వరకు పడతాయి. మిగతా రెండు వైపులా ఆకు కోసం 2 అడుగులకు ఒకటి చొప్పున నాటితే 200 పైచిలుకు పడతాయి. గట్టు కాకుండా విడిగా తోటలా వేసేవాళ్లు రెండు మీటర్లకు ఒకటి చొప్పున ఎకరానికి సుమారు వెయ్యి మొక్కలు నాటుకోవచ్చు.

పూత చెట్లను దగ్గర దగ్గరగా నాటకండి. ఎండ తగలని కొమ్మకు పూత రాదు, కట్టె కూడా సన్నగానే ఉండిపోతుంది.

2. విత్తనమా, కొమ్మా?

కొమ్మ పాతితే పని తొందరగా అయిపోతుంది, నిజమే. అయితే కొమ్మ నుంచి వచ్చిన చెట్టుకు తల్లివేరు ఉండదు, వేళ్లు పైపైనే పాకుతాయి. ఎండలు ముదిరితే ముందు వాడేది అదే. చెట్టు పెరిగి తల బరువెక్కాక ఈదురుగాలికి ఒరిగేదీ అదే. విత్తనం మొక్క మొదటి ఆరు నెలలు నెమ్మదిగా కనిపిస్తుంది. ఆ సమయంలో అది వేరును లోతుకు దింపుకుంటూ ఉంటుంది.

అందుకని నా సలహా: అనంతపురం, మహబూబ్‌నగర్ లాంటి వాన తక్కువ ప్రాంతాల్లో పూత, కట్టె చెట్లను విత్తనంతోనే పెంచండి. ఆకు వరసకు, నీటి వసతి ఉన్నచోట కంచెకు కొమ్మలు చాలు.

3. విత్తనంతో మొక్కలు పెంచడం

కాయ ఆకుపచ్చ పోయి పసుపు, గోధుమ రంగుకు తిరగగానే కోయాలి. మన దగ్గర ఇది ఏప్రిల్, మే ఎండల్లో జరుగుతుంది. ఆలస్యం చేస్తే కాయ చెట్టు మీదే టప్పున పగిలి గింజలు దూరంగా ఎగిరిపడతాయి. కోసిన కాయల్ని ఎండలో పట్టా మీద పోసి, పైన పలుచని గుడ్డ కప్పండి. గుడ్డ కప్పకపోతే పగిలిన కాయలోని గింజలు వాకిలంతా చెల్లాచెదురవుతాయి.

ఒక హెచ్చరిక. ఈ గింజలు, బెరడు, ఆకు ఎలుకలకు విషం. మధ్య అమెరికాలో వీటిని ధాన్యంతో కలిపి ఎలుకల మందుగా వాడిన చరిత్ర ఉంది. ఇంట్లో పప్పుల డబ్బాల పక్కన విత్తనం పెట్టకండి. పిల్లలకు అందనివ్వకండి. డబ్బా మీద పేరు రాసి విడిగా దాచండి.

ఈ గింజను వేడినీళ్లలో వేయడం, గీరడం లాంటివేవీ అక్కర్లేదు. రాత్రి మామూలు నీళ్లలో నానబెట్టి పొద్దున విత్తండి. ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు సమానంగా కలిపి సంచులు నింపండి. సంచి అడుగున నాలుగైదు చిల్లులు ఉండాలి. ఒక్కో సంచిలో రెండు గింజలు, అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం లోతున. వారం పది రోజుల్లో మొలక కనిపిస్తుంది. రెండూ మొలిస్తే బలమైనది ఉంచి రెండోదాన్ని గిల్లేయండి. పీకితే పక్క మొక్క వేరు కూడా కదులుతుంది.

మొలకెత్తే దాకా నీడ, ఆ తర్వాత పూర్తి ఎండ. చాలా నర్సరీల్లో మొక్కలు సన్నగా, పొడుగ్గా, పాలిపోయి ఉండటానికి కారణం నీడ ఎక్కువ కావడమే. అలాంటి మొక్కను గట్టు మీద పెడితే మొదటి గాలికే వంగిపోతుంది. సంచిలో రెండు మూడు నెలలు పెరిగి, అడుగున్నర ఎత్తుకొచ్చి, కాండం పెన్సిల్ లావైతే నాటడానికి సిద్ధమైనట్టే.

ఏప్రిల్ మొదట్లో విత్తడానికి ఆ ఏడాది కాయ అందకపోవచ్చు. నిరుడు దాచిన విత్తనం వాడండి. బాగా ఎండబెట్టి, గాలి చొరని డబ్బాలో, చల్లటి చోట ఉంచింది ఏడాది తర్వాత కూడా మొలుస్తుంది. అనుమానంగా ఉంటే 20 గింజలు తడి గోనెపట్టాలో చుట్టి పది రోజులు చూడండి. 15కి పైగా మొలిస్తే ధైర్యంగా విత్తండి. పది కూడా రాకపోతే సంచికి మూడేసి గింజలు వేయండి, లేదా విత్తనం మార్చండి.

4. కొమ్మలతో పెంచడం

ఏడాది వయసు దాటిన కొమ్మ తీసుకోండి. బెరడు లేత ఆకుపచ్చ పోయి బూడిద గోధుమ రంగుకు వచ్చి ఉండాలి. బొటనవేలి కంటే సన్నగా ఉంటే వదిలేయండి. నాలుగు అడుగుల ముక్క సరిపోతుంది. కంచెకైతే ఆరు అడుగులు.

అడుగు కొసను ఏటవాలుగా, పై కొసను అడ్డంగా కోయండి. ఏది కింద, ఏది పైన అన్న టెన్షన్ ఉండదు. తలకిందులుగా పాతిన కొమ్మలు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తాయి, అవి బతకవు. కోసిన ముక్కల్ని ఎండలో పడేయకుండా నీడలో నిలబెట్టండి. ఒకటి రెండు రోజుల్లో పాతేయాలి.

గడ్డపారతో ముందే రంధ్రం చేసి, అడుగు నుంచి అడుగున్నర లోతున పెట్టి, చుట్టూ మట్టి కాలితో గట్టిగా తొక్కండి. కొమ్మను సుత్తితో నేలలోకి దిగ్గొట్టకండి. కింద బెరడు చిట్లితే అక్కడ వేరు రాదు, కుళ్లు పడుతుంది. చెదలున్న ఎర్ర నేలల్లో రంధ్రంలో గుప్పెడు వేపపిండి వేయండి.

*బతికిందో లేదో చూడటం:* రెండు మూడు వారాల్లో చివుళ్లు వస్తాయి. చివురు వచ్చిందంటే వేరు పట్టిందని కాదు. కొమ్మ తనలో దాచుకున్న సత్తువతోనే మొదటి చివుళ్లు వేస్తుంది. వేరు పట్టకముందే పది రోజులు వాన ముఖం చాటేస్తే అదే చివురు వాడి రాలిపోతుంది. అందుకే చివురు చూసి నీళ్లు మానేయకండి. వేరు ఉందో లేదో చూద్దామని కొమ్మ పైకి లాగి మళ్లీ పాతేవాళ్లూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి, అప్పుడే పుట్టిన తెల్లటి వేళ్లు తెగిపోతాయి. రెండు నెలల తర్వాత రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా కదపండి, గట్టిగా నిలబడితే వేరు పట్టినట్టు. చివురే రాని కొమ్మను గోటితో గీకి చూడండి. బెరడు కింద పచ్చగా, తడిగా ఉంటే ఇంకా ఆశ ఉంది. గోధుమ రంగులో పొడిగా ఉంటే తీసేసి మరొకటి పెట్టండి.

5. నాటడం, మొదటి ఏడాది

మృగశిర మొదటి జల్లుకే నాటేయాలని తొందరపడొద్దు. పైన రెండు అంగుళాలు తడిసి కింద నిప్పులా ఉంటుంది. జానెడు లోతు తవ్వి పిడికిట్లోకి మట్టి తీసుకోండి. ముద్ద కట్టి నిలబడితే నాటండి. చాలా చోట్ల ఇది ఆరుద్ర కార్తెకు గానీ కుదరదు. ఆగస్టు దాటాక నాటిన మొక్కకు వేసవిలోపు వేరు లోతుకు దిగే సమయం చాలదు.

గుంత అడుగు పొడవు, వెడల్పు, లోతు. రెండు గుప్పిళ్ల చివికిన ఎరువు చాలు. సంచి అడుగున వేరు చుట్ట చుట్టుకుని ఉంటే ఆ చుట్టను కత్తితో కోసేసి నాటండి. సంచి చించి తీసేయాలి, సంచితో సహా పాతకూడదు. ఈ మాట రాయక్కర్లేదు అనుకునేవాణ్ని, కానీ ఎండిన మొక్కను తవ్వితే కింద నల్ల సంచి బయటపడటం ఎన్నో పొలాల్లో చూశాను.

మొదటి ఏడాది చేయాల్సింది మూడే పనులు. మొక్క చుట్టూ రెండడుగుల మేర కలుపు లేకుండా చూడాలి. పాదులో ఎండు ఆకులు, వరిగడ్డి పరచాలి. మొదటి వేసవిలో పది పదిహేను రోజులకోసారి బిందెడు నీళ్లు పోయాలి. రెండో వేసవికి చాలా చోట్ల నీళ్ల అవసరమే ఉండదు.

మేకల భయం తుమ్మ, సుబాబుల్ మొక్కలకు ఉన్నంత దీనికి ఉండదు. ఆకు వాసన అలవాటు లేని పశువు మూతి పెట్టి వదిలేస్తుంది. అలవాటైన మేకలు, పశువులు మాత్రం తింటాయి. మీరూ మేతకు వాడాలనుకుంటే, కోసిన ఆకును కొద్దిసేపు వడలనిచ్చి, మామూలు గడ్డిలో కొంచెం కొంచెం కలిపి అలవాటు చేయండి. గుర్రాలకు మాత్రం అసలు వేయొద్దు.

*నేలలో పని జరుగుతోందో లేదో చూడటం:* నాలుగైదు నెలల తర్వాత ఎక్కువైన మొక్క ఒకదాన్ని మట్టితో సహా తవ్వి, నీళ్లలో వేళ్లు కడిగి చూడండి. జొన్నగింజంత బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చీల్చండి. లోపల గులాబి, ఎరుపు రంగు ఉంటే నత్రజని పని సాగుతున్నట్టు. తెల్లగా ఉన్నా, బుడిపెలే లేకపోయినా, పాత గిరిపుష్పం చెట్టు కింది మట్టి తట్టెడు తెచ్చి పాదుల్లో తలా గుప్పెడు వేయండి.

6. చెట్లను విడదీయండి, రంగు వేయండి

ఇక అసలు విషయం. గిరిపుష్పం సంక్రాంతి అటూ ఇటూగా ఆకు రాల్చి, ఆకులేని కొమ్మల నిండా పూస్తుంది. శివరాత్రి నాటికి పూత మీద ఉంటుంది. లేత గులాబి, ఊదా కలిసిన రంగు. చిక్కుడు పువ్వు ఆకారం, మధ్య రేక మొదట్లో పసుపు మచ్చ. ఈ పూత వచ్చేది ముదిరిన కొమ్మ మీద. దసరా, దీపావళి సమయంలో పచ్చిరొట్టకు కొమ్మలు కొట్టేస్తే చెట్టు ఆ చలికాలమంతా లేత చివుళ్లతో పచ్చగానే ఉంటుంది. చూడటానికి ఆరోగ్యంగా ఉంటుంది, ఒక్క పువ్వుండదు.

అందుకని చెట్లను మూడు గుంపులు చేయండి.

ఆకు వరస (రంగు వేయనివి): నాటిన ఏడాది తర్వాత మూడడుగుల ఎత్తులో కొట్టడం మొదలుపెట్టండి. తొలకరి ముందు ఒకసారి, ఆగస్టు, సెప్టెంబరులో ఒకసారి, నవంబరులో ఒకసారి. ఆకును, లేత రెమ్మల్ని పొలంలో పరచండి, లేదా వరి మడిలో దమ్ములో తొక్కండి. వీటి నుంచి పూత ఆశించకండి.

పూత చెట్లు, తెల్ల రంగు సగం, ఎర్ర రంగు సగం: వీటిని ఒక ఏడాది తెల్లవి, మరుసటి ఏడాది ఎర్రవి కొడతారు. కొట్టిన చెట్టు వానలకు పిలకలు వేసి, వచ్చే శివరాత్రికి కొద్దిగా పూయొచ్చు, పూయకపోవచ్చు. ఆ ఏడాది కొట్టని రంగు గుంపు మాత్రం ముదురు కొమ్మలతో నిండుగా పూస్తుంది. ఏ ఏడాదీ ఈగలకు పూత లేకుండా పోదు, ఏ ఏడాదీ ఇంటికి కట్టె లేకుండా పోదు.

రంగు ఎందుకంటే, కొమ్మలు కొట్టడానికి వచ్చే కూలీలకు ఏది కొట్టాలో ఏది వదలాలో గుర్తు ఉండదు. మీరు లేని రోజున అన్నీ సమానంగా కొట్టేసి వెళ్తారు, పాపం వాళ్ల తప్పు కాదు. ఛాతీ ఎత్తులో జానెడు పట్టీ వేస్తే చాలు.

మొదటి రెండేళ్లు పూత చెట్లను అసలు ముట్టుకోకండి, పక్క కొమ్మలు కూడా తీయకండి. మొదటి కట్టె కోత మూడో ఉగాదికి.

7. కట్టె కోత

ఉగాది నాటికి రేకలు రాలిపోతాయి. అదే సరైన సమయం. పూత పని అయిపోయింది, ముందు రెండు నెలల మండుటెండ ఉంది కట్టె ఎండటానికి, ఆ తర్వాత వానలు ఉన్నాయి మోడు చిగురించడానికి. ఆ ఏడాది వంతు వచ్చిన రంగు చెట్లలో విత్తనానికి రెండు, కొమ్మ ముక్కలకు రెండు వదిలి మిగతావి కొట్టండి.

నేల నుంచి అడుగున్నర ఎత్తులో కోయండి. లావు కొమ్మను పైనుంచి ఒక్కసారిగా నరికితే విరిగేటప్పుడు బెరడు కింది దాకా చీలుకుపోతుంది. ముందు కింది వైపు రంపంతో కాస్త గాటు పెట్టి, తర్వాత పైనుంచి కోయండి. కోత ఏటవాలుగా ఉంటే వాన నీరు జారిపోతుంది, మోడు కుళ్లదు. మొద్దుబారిన గొడ్డలితో కొట్టి కొట్టి నలిపిన మోడు సరిగా చిగురించదు.

వానలకు మోడు చుట్టూ గుత్తులుగా పిలకలు వస్తాయి. రెండు మూడు అడుగులయ్యాక బలమైన నాలుగు ఉంచి మిగతావి తీసేయండి. ఇది బద్ధకించిన వాళ్లకు రెండేళ్ల తర్వాత చీపురు పుల్లల్లాంటి కట్టెలు వస్తాయి. తీసేసిన లేత పిలకలు పచ్చిరొట్టకు పనికొస్తాయి.

ఇంటికి ఎన్ని చెట్లు సరిపోతాయి అని అడుగుతారు. ఒక వారం మీ పొయ్యిలోకి వెళ్లే కట్టెను తూకం వేయండి. మొదటి కోతలో ఒక చెట్టు కట్టె ఎండాక తూకం వేయండి. మీ నేలకు, మీ ఇంటికి సరిపోయే లెక్క దీంతోనే వస్తుంది. వేరే వాళ్ల లెక్క మీకు కుదరదు.

అమ్మడానికి కట్టె బండి ఎక్కించాలనుకుంటే ముందు అటవీ శాఖ కార్యాలయంలో అనుమతుల సంగతి కనుక్కోండి.

8. ఎండబెట్టడం

రెండడుగుల ముక్కలు చేయండి. మణికట్టు కంటే లావైనవి నిలువునా చీల్చండి. నేల మీద కుప్ప పోస్తే కిందివి చెదలు పట్టి, మధ్యవి బూజు పడతాయి. కింద రెండు దుంగలు అడ్డంగా వేసి, వాటి మీద గాలి ఆడేలా పేర్చండి. మే ఆఖరుకు రేకు కిందికో పట్టా కిందికో చేర్చండి, పైన మాత్రమే కప్పండి, పక్కలు తెరిచి ఉంచండి.

ఎండిందో లేదో చూడటానికి రెండు ముక్కలు ఒకదానికొకటి తట్టండి. ఖంగుమని మోగితే ఎండింది. దబ్‌మని మొద్దు శబ్దం వస్తే ఇంకా తడి ఉంది. ముక్క కొసల్లో నెర్రెలు రావాలి, బెరడు చేత్తో లాగితే ఊడి రావాలి. పచ్చి కట్టె కాల్చి "ఈ చెట్టు కట్టె పొగ పెడుతోంది" అని తిట్టేవాళ్లు ఎక్కువ. ఆ పొగ చెట్టుది కాదు, కట్టెలోని నీటిది. ఆ పొగ పీల్చేది వంట చేసే మనిషి, కాబట్టి ఇక్కడ తొందర వద్దు.

9. తేనె పెట్టెలు ఎక్కడ, ఎలా?

ముందుగా ఒక మాట. డెబ్బై గిరిపుష్పం చెట్లతోనే పెట్టెలు తేనెతో నిండిపోతాయని ఆశపడొద్దు. దీని పూత ఏడాదిలో కొన్ని వారాలే. చెట్లు ఆకు రాల్చి, పొలాల్లో పైర్లు తగ్గే సమయంలో ఈగలకు ఆసరా ఇచ్చి, కానుగ, వేప పూతల దాకా గుంపును బలంగా తీసుకెళ్లడం దీని పని. ఆ తర్వాత చింత. ఏడాదిలో వేర్వేరు కాలాలకు మునగ, నువ్వు, పొద్దుతిరుగుడు, ధనియాలు ఉండాలి. ఇంటి దగ్గర రెండు మునగ, గట్టు మూలల్లో రెండు కానుగ కూడా ఇప్పుడే నాటండి. కానుగ పూతకు వచ్చేసరికి ఏళ్లు పడుతుంది కాబట్టి ఆలస్యం చేయొద్దు.

మన దేశీ తేనెటీగలు మేత కోసం ఎక్కువ దూరం పోవు. పెట్టె చెట్ల వరసకు కొన్ని వందల అడుగుల లోపే ఉంటే మేలు. ఇటాలియన్ ఈగలు ఇంకా దూరం వెళ్తాయి. పెట్టె ద్వారం తూర్పు వైపు, మధ్యాహ్నం నీడ, స్టాండు కాళ్ల కింద చీమలు ఎక్కకుండా నీళ్ల గిన్నెలు. దగ్గర్లో ఒక పళ్లెంలో నీళ్లు పోసి, ఈగలు వాలడానికి గులకరాళ్లు వేయండి. ఫిబ్రవరి తర్వాత ఈ నీళ్లు చాలా ముఖ్యం.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం పురుగుమందు. గుంటూరు, ఖమ్మం వైపు మిర్చికి తామర పురుగు మందులు కొట్టేది సరిగ్గా గిరిపుష్పం పూత మీద ఉన్న సమయంలోనే. పక్క పొలం వాళ్లకు చెప్పి ఉంచండి. మందు కొట్టే ముందు రోజు చీకటి పడ్డాక, ఈగలన్నీ లోపలికి చేరాక ద్వారానికి జాలీ పెట్టి, గాలి ఆడేలా మూయండి. సాయంత్రాలు కొట్టమని అడిగి చూడండి, చాలామంది ఒప్పుకుంటారు.

గిరిపుష్పం లేత చివుళ్ల మీద, పూగుత్తుల మీద పేనుబంక నల్లగా పట్టడం మామూలే. ఆకులు జిగటగా తయారవుతాయి. పూత ఉన్నంతకాలం ఏ రసాయన మందూ కొట్టకండి. ముట్టిన కొసలు తుంచి పారేయండి. పేనుబంకను తినే అక్షింతల పురుగులు చేరితే వాటి పని వాటిని చేయనివ్వండి. వేప నూనె కొట్టక తప్పదనుకుంటే పొద్దు గూకాక, పూతలేని కొమ్మల మీదే కొట్టండి. గట్టు పక్కన వేరుశనగ, అలసంద ఉంటే ఓ కన్నేసి ఉంచండి, ఈ పేనుబంక వాటి మీదికీ వెళ్తుంది.

*ఈగలు నిజంగా ఈ పూత వాడుకుంటున్నాయా?* ఎండ వచ్చాక, పొద్దున ఎనిమిది, పది మధ్య నిండుగా పూసిన చెట్టు కింద కూర్చోండి. పెద్ద నల్ల తుమ్మెదలు వచ్చి వాలడం ముందు గమనిస్తారు. ఆ బరువుకు పువ్వు కిందికి వంగుతుంది. తేనెటీగలు చిన్నగా, గుత్తి లోపల తిరుగుతుంటాయి, ఓపిగ్గా చూడాలి. తర్వాత పెట్టె ద్వారం దగ్గర చూడండి. కాళ్లకు పుప్పొడి ముద్దలతో దిగుతున్నాయా? వారం తర్వాత పెట్టెలోంచి పట్టు ఉన్న ఫ్రేమ్ ఒకటి తీసి అడ్డంగా పట్టి కాస్త విదిలించండి. పలుచని తేనె చుక్కలు రాలితే మకరందం లోపలికి వస్తున్నట్టు. చెట్టు నిండా పూత ఉన్నా ఈగలు రాకపోతే, దగ్గర్లో వాటికి ఇంకా నచ్చిన పూత ఏదో ఉందని అర్థం. అందులో తప్పేమీ లేదు.

ఇంకా తరచూ వచ్చే ప్రశ్నలు

*మా చెట్లు నాలుగేళ్లవి, ఏటా మూడుసార్లు కొడుతున్నాం. ఇప్పుడు పూత రప్పించొచ్చా?* రప్పించొచ్చు. ఈ ఉగాదికి ఒకసారి కొట్టి, రంగు వేసి, రెండు శివరాత్రుల దాకా వదిలేయండి. పిలకలు నాలుగుకు తగ్గించడం మర్చిపోవద్దు.

*బోరు నీళ్లు ఉన్నాయి, పూత చెట్లకు ఏడాదంతా డ్రిప్ పెట్టమంటారా?* డిసెంబరు, జనవరి నెలల్లో ఆపేయండి. నేల ఆరి చెట్టు ఆకు రాల్చాకే పూత నిండుగా వస్తుంది. నీళ్లు పారుతుంటే ఆకు వదలదు.

*కాయలు పట్టలేదు, ఏదైనా జబ్బా?* సగం పూత రాలిపోవడం మామూలే. అస్సలు కాయ లేకపోతే, మీ చెట్లన్నీ ఒకే చెట్టు కొమ్మల నుంచి వచ్చినవేమో చూడండి. వేరే ఊరి విత్తనంతో పెంచిన నాలుగు మొక్కలు మధ్యమధ్య నాటితే, అవి పూతకు వచ్చిన ఏడాది తేడా తెలుస్తుంది. విత్తనం కూడా అప్పటి నుంచి ఒకే చెట్టు దగ్గర కాకుండా, ఎడంగా ఉన్న ఐదారు చెట్ల నుంచి కలిపి కోసుకోండి.